ఎదురుకోళ్ళ కాడ పోయిన పండ్లు

బెంజమిన్ నోట్లో ముందు పండ్లు రెండు పోయింది కట్టంగూర్‌లో, రామచంద్రయ్య ఇంటి గేటుకు పది గజాల ఇవతల, పొద్దున పదింటికి, అందరి కళ్ళ ముందు. అందరి కళ్ళ ముందు పోయినా ఎవరూ చూడలేదు. బ్యాండు వాళ్ళ మొహాలను ఎవరు చూస్తారు? వాళ్ళ చేతుల్లో ఉన్న ఇత్తడిని చూస్తారు.

ఆ రోజు రామచంద్రయ్య బిడ్డ లగ్గం. పెండ్లికొడుకు వైపు వాళ్ళ బస్సులు రోడ్డు మీద ఆగాయి. ఎదురుకోళ్ళకు ఆడపిల్ల వైపు వాళ్ళు షర్బతు గ్లాసులు, గులాలు పట్టుకొని గేటు దాటి వచ్చారు. నడుమ దేవరకొండ నుంచి వచ్చిన నర్సింహ బ్యాండు. బ్యాండుకు ముందర బూర పట్టుకొని బెంజమిన్. పెండ్లికూతురు అన్న అమరేందర్ పొద్దుటి నుంచే తాగి ఉన్నాడు. తువ్వాల నెత్తి మీదికి ఎత్తి తిరుగుతూ తిరుగుతూ వచ్చి, మోచేతితో బూరను బలంగా కొట్టాడు. కావాలని కొట్టలేదు. ఆ మాట ముందే చెప్పడం మంచిది. కావాలని కొట్టాలంటే అక్కడొక మనిషి ఉన్నాడని ముందు తెలియాలి కదా.

బూర వెనక్కి వచ్చి బెంజమిన్ మూతికి గుద్దుకుంది. ఒక పన్ను అక్కడికక్కడే ఊడి నాలుక మీద పడింది. పక్కది వేలాడింది. నోరంతా వేడిగా, ఉప్పగా నిండింది. ఆయన మొదట బూర కింద పడకుండా పట్టుకున్నాడు. తర్వాత నెత్తురు మింగాడు.

బ్యాండు యజమాని నర్సింహ డోలు వదిలి పరుగున వచ్చాడు. బెంజమిన్ మూతి వైపు కాదు, నేల వైపు చూశాడు.

"కింద పడనియ్యకన్నా," అన్నాడు చెవి దగ్గర. "ఎదురుకోళ్ళ కాడ నెత్తురు పడితె అరిష్టమంటరు. రేపు ఆ పిల్ల బతుకుల ఏమన్నయితె మన నెత్తి మీదికే వస్తది. బండెనుకకు పో."

బెంజమిన్ బ్యాండు సామాన్ల బండి వెనక్కి పోయాడు. మొహం అంగీ చేతికి తుడుచుకున్నాడు. బ్యాండు అంగీలు ఎర్ర బట్టతో ఎందుకు కుట్టిస్తారో ముప్ఫై ఏండ్ల తర్వాత ఆ రోజు తెలిసింది ఆయనకు. ఊడిన పన్ను చేతిగుడ్డలో కట్టి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ వచ్చి వరసలో చివరన నిలబడి, నోరు మూసుకొని, పెండ్లి అయ్యేదాకా తాళాలు వాయించాడు. బూర లేకుండానే బ్యాండు మోగింది. బూర ఎందుకు ఆగిందని అడిగిన మనిషి లేడు.

బెంజమిన్‌కు అప్పుడు యాభై మూడేండ్లు. తండ్రి బావులు తవ్వే కూలి. దేవరకొండ చర్చిలో ఎవరో వదిలేసి పోయిన సొట్టల బూర ఒకటి ఉండేది. పన్నెండేండ్ల వయసులో దాన్ని మూతికి పెట్టుకున్నాడు. ఇక తీయలేదు. స్వరాల పేర్లు ఆయనకు రావు. ఒకసారి విన్న పాటను రెండోసారికి ఊదుతాడు. డీజే బండ్లు వచ్చి జిల్లాలో సగం బ్యాండ్లు మూతబడ్డాక కూడా నర్సింహ బ్యాండు బతికి ఉందంటే అది బెంజమిన్ ఊపిరి మీద. "గా బూర ముసలాయన వస్తడా?" అని అడిగి మరీ బయానా ఇచ్చేవాళ్ళు.

బూర పెదవులతో ఊదుతారని అందరూ అనుకుంటారు. నిజమే గానీ, పెదవికి వెనక ఒక గోడ కావాలి. ఆ గోడ ముందు పండ్లు. ఆ నేల ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన అందరికీ ఉన్నట్టే బెంజమిన్ పండ్ల మీద కూడా గోధుమ రంగు చారలు ఉండేవి. రంగు చెడింది గాని గట్టితనం చెడలేదు. సోడా మూతలు పంటితోనే తీసేవాడు. ఇప్పుడు ఆ గోడకు గండి పడింది. ఊదితే గాలి గండిలోంచి పోతోంది, బూరలోకి పోవడం లేదు.

పెండ్లి తెల్లారి బిడ్డ భాగ్యశ్రీ ఆయనను నల్లగొండకు తీసుకుపోయింది. ఆమె చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ విభాగంలో పని చేస్తుంది. తల్లిదండ్రులకు కూడా కలిపి ఇన్సూరెన్స్ అని నెలనెలా ఆమె జీతంలో కోత పెడతారు. అందులో పండ్ల వైద్యం కూడా ఉందని ఎవరో అంటే విన్నది. అంతకు మించి తెలియదు. కంపెనీలో శివకుమార్ అనే ఆఫీసరు ఒకసారి మీటింగ్ పెట్టి, "అన్నీ యాప్‌లో ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసుకోండి," అని చెప్పి టీ తాగి పోయాడు.

పండ్ల డాక్టరు మంజులత వేలాడుతున్న పన్ను తీసేసింది. ఎక్స్‌రే తీసింది. పెదవి తిప్పి లోపల చూసింది.

"ఎట్లా పోయినాయి ఇవి?"

"కదులుతుండె మేడం చాన్నాళ్ళ నుంచి. ఊడినయి."

"రెండూ ఒక్క రోజే ఊడినాయా? పెదవి లోపల కోసుకుపోయింది కదా. ఏమన్నా తగిలిందా?"

"ఏం తగల్లేదు మేడం. కదులుతుండె."

ఆమె మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ అదే చెప్పాడు. పక్కన నిలబడ్డ భాగ్యశ్రీకి కూడా ఇంట్లో అదే చెప్పాడు. పెండ్లింట్లో జరిగింది పెండ్లింట్లోనే ఉండాలి. తాగి కొట్టుకున్నా, వియ్యంకులు తిట్టుకున్నా, బ్యాండు వాళ్ళకు చెవులూ కళ్ళూ లేనట్టే. తండ్రి నేర్పలేదు, నర్సింహ నేర్పలేదు. ఆ పనిలో దిగితే అదే వస్తుంది. డాక్టరు ఆయన చెప్పిందే కాగితం మీద రాసింది: చాలాకాలంగా కదులుతున్న పండ్లు, వాటంతట అవే ఊడినవి.

తీసి పెట్టుకునే పండ్ల సెట్టు బూరకు పనికిరాదు, ఊదేటప్పుడు కదులుతుంది. అటు ఇటు పండ్లకు కలిపి కదలకుండా కట్టే బ్రిడ్జి కావాలి. దానికి ముందు ఇన్సూరెన్స్ వాళ్ళ అనుమతి తీసుకోవాలి. పుండు మానడానికి ఎట్లాగూ రెండు నెలలు పడుతుంది. అది మంచిదే అనుకున్నాడు బెంజమిన్. ముందు మూఢం వస్తోంది, మూఢంలో లగ్గాలు ఉండవు. బూరకు అతుకులు పెట్టించుకున్నా, ఒంటికి మరమ్మతు చేయించుకున్నా బ్యాండు వాళ్ళకు ఆ రోజులే. మూఢం పోయి లగ్గాలు మొదలయ్యేసరికి పండ్లు ఉంటే బూర ఆయనది. లేకపోతే కీబోర్డు వాయించే వాడిని చూసుకుంటానని నర్సింహ అప్పుడే అన్నాడు.

పది రోజులకు భాగ్యశ్రీ ఫోన్‌కు ఇంగ్లీషులో జవాబు వచ్చింది. కుదరదు.

ఆమె ఇన్సూరెన్స్ వాళ్ళ నంబరుకు ఫోన్ చేసింది. పాట వినిపించారు. తర్వాత ఒక గొంతు వచ్చింది. పాలసీ నిబంధనల ప్రకారం అన్నది. ఏ నిబంధన అంటే బుక్‌లెట్ చూడమన్నది. బుక్‌లెట్ యాప్‌లో ఉంది. నలభై ఆరు పేజీలు. డిగ్రీ చదివిన పిల్ల, మూడు సాయంత్రాలు అర్థాలు వెతుక్కుంటూ నోటుబుక్కులో తెలుగులో రాసుకుంటూ చదివింది. రాసే కొద్దీ పెన్ను గట్టిగా దిగింది.

మూడో సాయంత్రం తండ్రి ముందు కూచుంది.

"నాయినా, ఇను. ఏడాదికొకసారి పండ్లు చూపిచ్చుకోవచ్చట, కడిగిచ్చుకోవచ్చట, వాళ్ళే కడతరు. నీకు, అమ్మకు, నాకు. మూడేండ్ల సంది ఉన్నది. వాడకపోతె ఏ ఏడాదిది ఆ ఏడాదే పోతదట, ముందటికి రాదు. పుచ్చిన పన్నుకు సిమెంటు పెట్టిస్తరట. ఆర్నెల్ల నుంచి మా సైదమ్మక్క చెంప పట్టుకొని పని చేస్తాంది నా పక్కన. ఆమె కార్డుల కూడా గిదే ఉంటది. చెప్పినోడు లేడు."

"మరి నా పండ్లు?"

"అరిగి ఊడినయి, కదిలి ఊడినయి అయితె కొత్తయి పెట్టరు. ప్రమాదంల పోతేనే పెడతరు. దెబ్బ తగిలి పోతేనే." నోటుబుక్కు మూసింది. "నీదేమో కదిలి ఊడె. ఏం జేస్తం."

బెంజమిన్ లేచి దండెం మీది అంగీ జేబులోంచి చేతిగుడ్డ తీశాడు. విప్పి పన్ను చూపించాడు. వేరు సగంలో విరిగి ఉంది. కదిలి ఊడిన పన్ను అట్లా విరగదు. అప్పుడు చెప్పాడు, ఎదురుకోళ్ళూ, తువ్వాలా, మోచేయీ అన్నీ.

భాగ్యశ్రీ అరవలేదు. అరిస్తే బాగుండేది ఆయనకు.

"గిన్ని దినాలు నాకు కూడ అబద్ధమే చెప్పినవు," అంది. "వాళ్ళ బిడ్డ బతుకుల అరిష్టం రావద్దని. నీ బిడ్డ జీతంల నెలనెలా కోస్తాండ్రు, గది అరిష్టం కాదా? వాడు తాగి కొట్టె, నువ్వు మింగి దాస్తివి. ఆ మేడం రెండుసార్లు అడిగింది నాయినా. రెండుసార్లు."

తిరస్కరించిన రోజు నుంచి ముప్ఫై రోజుల్లోగా మళ్ళీ అడగవచ్చని బుక్‌లెట్ చివర్న ఉంది. అది చిన్న అక్షరాల్లో ఉంది. పనికొచ్చే మాటలన్నీ చిన్న అక్షరాల్లోనే ఉంటాయి.

మంజులత డాక్టరు కోప్పడింది. "నేను మీరు చెప్పిందే రాశాను. ఇప్పుడు మార్చి రాయమంటే ఎట్లా? నేను చూసింది రాస్తాను. పెదవి లోపల గాయం, విరిగిన వేరు. ఎక్స్‌రే ఉంది, ఫోటో ఉంది. దెబ్బ ఎక్కడ తగిలింది, ఎట్లా తగిలింది అనేదానికి మాత్రం రుజువు మీరే తేవాలి."

రుజువంటే చూసినవాడి మాట. బెంజమిన్ నర్సింహ దగ్గరికి పోయాడు. నర్సింహ దేవరకొండలో తన ఇంటి ముందు డోలు తోళ్ళు బిగిస్తున్నాడు. తలెత్తలేదు.

"కాయితం మీద పెట్టినవంటె ఇగ మనల్ని ఎవ్వడు పిలుస్తడన్నా? పెండ్లింట్ల ఏమైనా కోర్టుకెక్కిస్తరు గీ బ్యాండోళ్ళు అంటరు."

"కోర్టు కాదు నర్సింహా. ఇన్సూరెన్సు. గక్కడ దెబ్బ తగిలిందని ఒక్క ముక్క. నువ్వు చూసినవు గద."

"నేను డోలు చూస్తున్న."

"నువ్వు నేల చూస్తున్నవు. నెత్తురు పడుతదని."

నర్సింహ తోలు మీద ఒక దెబ్బ వేసి చెవి పెట్టి విన్నాడు. "నీ పండ్ల కోసం పన్నెండు మంది కడుపులు కొట్టమంటవా?" అన్నాడు. అది పూర్తిగా అబద్ధం కాదు. అందుకే బెంజమిన్‌కు ఎక్కువ మండింది.

మిగిలింది రామచంద్రయ్య. బెంజమిన్ ఒక్కడే కట్టంగూర్ బస్సెక్కాడు. రామచంద్రయ్య వరండాలో కుర్చీలో ఉన్నాడు. లోపల హాల్లో టీవీ ముందు ఇంటి వాళ్ళంతా కూచుని నవ్వుతున్నారు. పెండ్లి వీడియో ఆ రోజే వచ్చిందట.

"ఏందిరా బెంజమిన్, బాకీ లేదు గద మాది?"

"లేదు పటేలా. ఒక కాయితం కోసమొచ్చిన." విషయం చెప్పాడు. అమరేందర్ పేరు రాయనవసరం లేదన్నాడు. దెబ్బ పెండ్లి దగ్గర తగిలిందని రాసి సంతకం పెడితే చాలన్నాడు.

రామచంద్రయ్య ఆయన మూతి వైపు చూశాడు. పెండ్లి రోజు చూడని మూతిని ఇప్పుడు తీరికగా చూశాడు. "నీ పండ్లు ముందే తుప్పు పట్టినయి గదరా. ఇయ్యాల గాకపోతె రేపు ఊడేటియి. దానికి నా బిడ్డ లగ్గం పేరు పెడతవా? అల్లునోళ్ళు ఇంటె ఏమనుకుంటరు, ఎదురుకోళ్ళ కాడ నెత్తురు పారిందా అని? ఉండు, బట్టలు పెడుత, తీసుకపో."

లోపలికి కేకేసి జత బట్టలు తెమ్మన్నాడు. బెంజమిన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. టీవీలో ఎదురుకోళ్ళు వస్తున్నాయి. ఎర్ర అంగీలో తాను కనబడ్డాడు. చెంపలు పూరించి, కళ్ళు మూసుకొని ఊదుతున్నాడు. తాను అట్లా ఉంటాడని ఆయనకు తెలియదు. తర్వాత తువ్వాల ఎత్తి అమరేందర్ వచ్చాడు. అక్కడ వీడియో నెమ్మదించింది. పైనుంచి గులాబీ రేకులు రాలుతున్నట్టు బొమ్మలు పెట్టారు. ఆ రేకుల మధ్య మోచేయి మెల్లగా, చాలా మెల్లగా వచ్చి బూరకు తగిలింది. బెంజమిన్ తల వెనక్కి పోయింది. ఇంకో గులాబీ రేకు రాలింది. హాల్లో పిల్లలు కేరింతలు కొట్టారు. "మామ డ్యాన్సు సూడు," అన్నారెవరో.

కింద మూలన అక్షరాలు: సాయికిరణ్ డిజిటల్స్.

బెంజమిన్ బట్టలు తీసుకోలేదు. "వద్దు పటేలా," అన్నాడు. ఆ ఇంట్లో ఆయన ఒక వస్తువు వద్దనడం అదే మొదలు. రామచంద్రయ్యకు కోపం వచ్చిందో లేదో చూడటానికి ఆగలేదు.

బస్సు కోసం నిలబడి ఉండగానే భాగ్యశ్రీకి ఫోన్ చేసి ఆ స్టూడియో పేరు చెప్పాడు. ఆమె వెతికింది. వీడియో కోసం రామచంద్రయ్య గడప మళ్ళీ తొక్కే పనే లేకపోయింది. ఆ స్టూడియో వాడు తన పనితనం చూపించుకోవడానికి ఆ ముక్కను ఎప్పుడో ఇంటర్నెట్‌లో పెట్టాడు. పదకొండు వేల మంది చూశారు. పదకొండు వేల మందీ అమరేందర్‌ను చూశారు.

అప్పీలు కాగితంలో రెండు ప్రశ్నలున్నాయి. ప్రమాదం ఎట్లా జరిగింది? మొదట డాక్టరుకు వేరుగా ఎందుకు చెప్పారు? బెంజమిన్ తెలుగులో తన చేత్తో రాశాడు. మొదటి దానికి సగం పేజీ పట్టింది. తేదీ, టైము, ఊరు, కొట్టినవాడి పేరు, అన్నీ. పేరు రాయనని రామచంద్రయ్యకు తానే చెప్పాడు. తుప్పు మాట విన్న తర్వాత రాశాడు. రెండో ప్రశ్న దగ్గర ఆగాడు. చివరికి ఒక్క వరస రాశాడు: "పెండ్లి ఇంట్ల మా నెత్తురు కనపడొద్దు గనుక."

భాగ్యశ్రీ దాన్ని ఇంగ్లీషులోకి దింపడానికి గంట కూచుంది. మాటలు దొరికాయి. ఆ మాటలు చదివి ఏసీ గదిలో ఒకడికి ఏం అర్థమవుతుందో ఆమెకు తెలియలేదు. అట్లాగే పంపింది. వీడియో, ఎక్స్‌రే, డాక్టరు రాసిన కొత్త కాగితం, విరిగిన పన్ను ఫోటో జత చేసింది. ఇరవై ఏడో రోజున పంపింది.

జవాబు కోసం ఎదురుచూసే రోజుల్లో ఆమె ఇంకో పని చేసింది. నోటుబుక్కులో రాసుకున్నదాన్ని తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాల్లో దించింది. ఏడాదికొక చెకప్ ఉన్నది, వాడకపోతే పోతుంది. పన్ను కట్టించుకునే ముందే అనుమతి అడగాలి. దెబ్బ తగిలితే దెబ్బ తగిలిందని చెప్పాలి, సిగ్గుపడొద్దు, ఎవరికీ భయపడొద్దు. కాదంటే ముప్ఫై రోజుల్లో మళ్ళీ అడగాలి. దాన్ని కంపెనీ క్యాంటీన్‌లో చేతులు కడుక్కునే నల్లాల మీద అంటించింది. తెల్లారేసరికి శివకుమార్ చించేశాడు. అనుమతి లేకుండా గోడ మీద కాగితాలు పెట్టొద్దన్నాడు.

"మీరే పెట్టుండ్రి సార్ అనుమతితోని," అంది భాగ్యశ్రీ. "తెలుగుల పెట్టుండ్రి."

ఆయన పెట్టలేదు. ఆమె మళ్ళీ అంటించింది. ఆయన మళ్ళీ చించాడు. ఈలోగా ప్యాకింగ్‌లో ఉన్న ఆడవాళ్ళందరూ ఫోన్లలో ఫోటో తీసుకున్నారు. సైదమ్మ రెండు పండ్లకు సిమెంటు పెట్టించుకొని వచ్చి, ఆర్నెల్లలో మొదటిసారి కుడి దవడతో తిన్నది.

మూఢం సగంలో ఉండగా అనుమతి వచ్చింది. మొత్తం కాదు, చాలావరకు. క్షమించమని ఎవరూ అనలేదు. ముందు ఎందుకు కాదన్నారో, ఇప్పుడు ఎందుకు ఔనన్నారో చెప్పలేదు. మీ అభ్యర్థన ఆమోదించబడింది, అంతే.

మంజులత డాక్టరు అటూ ఇటూ పండ్లు అరగదీసి అచ్చు తీసుకుంది. తర్వాత ఒక పట్టీ తెచ్చి చూపించింది. దాని మీద వరసగా పండ్ల రంగులు, తెలుపు నుంచి పసుపు దాకా.

"పక్క పండ్ల మీద గోధుమ చారలున్నాయి కదా. ల్యాబ్ వాళ్ళకు చెబితే ఆ చారలు కూడా పెడతారు. బాగా కలిసిపోతుంది. కొత్తవని ఎవరికీ తెలియదు."

బెంజమిన్ ఆ పట్టీ వైపు చూశాడు. ఎవరికీ తెలియకుండా కలిసిపోవడం. ముప్ఫై ఏండ్లు చేసింది అదే.

"తెల్లయి పెట్టుండ్రి మేడం."

"తెల్లవి పెడితే కొట్టొచ్చినట్టు కనబడతాయి. నవ్వితే రెండే మెరుస్తాయి, బాగుండదు."

"అన్నిటికన్న తెల్లయి," అన్నాడు. పట్టీలో మొదటి దాని మీద వేలు పెట్టాడు. "గిది."

డాక్టరు భాగ్యశ్రీ వైపు చూసింది. "ఆయన చెప్పిందే రాయుండ్రి మేడం," అంది భాగ్యశ్రీ. "ఈసారి నిజమే చెప్తాండు."

కొత్త పండ్లకు బూర అలవాటు కావడానికి ఇరవై రోజులు పట్టింది. పాత గొంతు పూర్తిగా రాలేదు. పై స్వరం ఎక్కేటప్పుడు కొంచెం గరగర ఉండిపోయింది. నర్సింహ కీబోర్డు వాడిని తెచ్చాడు. రెండు లగ్గాలు చేయించాడు. మూడో లగ్గం వాళ్ళు బూర ముసలాయన లేనిదే బయానా ఇవ్వమన్నారు. నర్సింహ మోటారు సైకిల్ మీద వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"రా అన్నా. అయిందేదో అయింది."

"వస్త," అన్నాడు బెంజమిన్. "ఊదుత. నోరు మాత్రం మూసుకోను."

జ్యేష్ఠమాసంలో నకిరేకల్ దగ్గర లగ్గం. ఎదురుకోళ్ళ కాడ బస్సులు ఆగాయి. గులాలు, షర్బతు, తువ్వాలలు. పాటకూ పాటకూ నడుమ బెంజమిన్ బూర దించి మూతి తుడుచుకున్నాడు. పెండ్లికొడుకు చిన్నాయన ఒకాయన దగ్గరగా వచ్చి నవ్వాడు.

"ఏం తాతా, అన్ని పండ్లు ఎర్రగున్నయి, ముందటి రెండు సున్నమేసినట్టున్నయేంది? కొత్త పెండ్లికొడుకువైతున్నవా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నర్సింహ డోలు మీద చెయ్యి ఆగిపోయింది. తల అడ్డంగా ఊపాడు, వద్దన్నా అన్నట్టు.

బెంజమిన్ పెదవి పైకి లాగి రెండు పండ్లూ బాగా కనిపించేట్టు పెట్టాడు.

"కట్టంగూర్ల పోయినయి బిడ్డా," అన్నాడు, నలుగురికీ వినబడేట్టు. "గిట్లనే ఎదురుకోళ్ళ కాడ. రామచంద్రయ్య కొడుకు అమరేందర్ తాగొచ్చి మోచేతితోని కొట్టె. నెత్తురొచ్చింది. మింగిన."

ఎవరూ నవ్వలేదు. ఆయన బూర మళ్ళీ మూతికి పెట్టుకున్నాడు. ఎదురుగా తువ్వాలలు ఎత్తిన కుర్రాళ్ళు ఒక అడుగు వెనక్కి జరిగి జాగా ఇచ్చారు.